సారవాక్ పరీక్షలో మా చెల్లెలి చెయ్యి

మా చెల్లెలు యోగేశ్వరి బుద్ధెరిగాక తప్పిన పరీక్ష ఒక్కటే. అదీ నలభై ఎనిమిదో ఏట, సముద్రం దాటి సారవాక్‌లోని కూచింగ్ వెళ్లి, నాలుగు సెకండ్లలో తప్పింది. నేను తప్పిన పరీక్షల సంగతి వేరు. వాటిని లెక్కపెట్టడం మా ఇంట్లో ఎప్పుడో మానేశారు.

నా పేరు శ్రీకుమార్. మలయ్ దేశంలో, సుంగై సిపుట్ అనే ఊళ్లో రైలు స్టేషనుకి వెళ్లే దారిలో మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు నాది. షాపు వెనకే ఇల్లు. ఇంట్లో నేను, నా భార్య సీత, ఎనభై ఒక్కేళ్ల మా అయ్య కాంతయ్య. చెల్లెలు క్లాంగ్‌లో ఉంటుంది. వాళ్లాయన శరవణ్ తమిళ బడిలో మాస్టారు, నోట్లో నాలుక లేనంత మంచివాడు. ఉన్నా మా చెల్లెలి ముందు దాన్ని వాడే సందు దొరకదు.

యోగి ఎలక్ట్రికల్ ఇంజనీరు. పదకొండు వేల వోల్టులు, ముప్ఫై మూడు వేల వోల్టులు, అలాంటి సబ్‌స్టేషన్లు గీసి కట్టించడం ఆవిడ పని. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. మొదటి ఉద్యోగంలో కంపెనీ వాళ్లిచ్చిన మగవాళ్ల సేఫ్టీ బూట్లు సరిపోక, రెండేసి జతల మేజోళ్లు వేసుకుని ఏడాది తిరిగింది. కొత్త కాంట్రాక్టరు ఎవరైనా ముందు ఆవిణ్ణి ఆఫీసు గుమస్తా అనుకుంటాడు. బిగించిన కేబుళ్లన్నీ విప్పించి మళ్లీ బిగించమన్నాక ఇంకెప్పుడూ అలా అనుకోడు. అయ్యతో తెలుగు, మొగుడితో తమిళం, సైటులో మలయ్, రిపోర్టుల్లో ఇంగ్లీషు. ఎవరినైనా తిట్టాల్సి వస్తే నాలుగూ కలిపేస్తుంది. నాకు మాత్రం అచ్చ తెలుగే దక్కుతుంది.

ఆవిడ ఎందుకు తప్పిందో చెప్పాలంటే ముందు మా అయ్య చెయ్యి గురించి చెప్పాలి.

అయ్య ముప్ఫై ఆరేళ్లు రబ్బరు ఎస్టేటు ఫ్యాక్టరీలో ఇంజన్ డ్రైవరు. గడ్డకట్టిన రబ్బరుని షీట్లుగా నొక్కే రోలర్లని తిప్పే డీజిల్ ఇంజను అది. సాయంత్రాలు కూలీలుండే లైను ఇళ్లలో దీపాలు వెలిగేదీ దాని పుణ్యమే. తెల్లారకముందే ఇంజను గదిలోకి వెళ్లి అయ్య చేసే మొదటి పని, కుడి అరచెయ్యి దాని ఒంటికి ఆనించి, ఆ చేతిని రెండు కళ్లకీ అద్దుకోవడం. చమురు చూడటం, హ్యాండిల్ తిప్పడం, అన్నీ ఆ తర్వాతే. మేం టీ పట్టుకెళ్తే మా చేత కూడా అద్దించేవాడు. అద్దుకోకపోతే గదిలో నిలబడనిచ్చేవాడు కాదు. యోగి ఏడేళ్లప్పుడు ఎందుకని అడిగింది. అది మనకి కూడు పెడుతుంది కాబట్టి అన్నాడు అయ్య. మాకా జవాబు సరిపోయింది.

మనవాళ్లలో ఇదేం వింత కాదు. కాలు తగిలిన పుస్తకం, పొద్దున్నే మొదటి బేరం, కొత్త బండి తాళం, అన్నీ కళ్లకద్దుకునేవే. నేనైతే ఇప్పటికీ బండి విప్పే ముందు హ్యాండిల్ మీద చెయ్యి ఆనించి కళ్లకద్దుకుంటాను. చైనా ఆయన బండైనా మలయ్ ఆయన బండైనా అంతే, ఎవరూ ఏమీ అనలేదు. యోగి సబ్‌స్టేషన్ ప్యానెళ్లకి అదే చేస్తుంది. ఇనప బీరువాల్లా వరసగా నిలబడి ఉంటాయి అవి. ఆవిడ వెళ్లి, మొదటి దాని తలుపు మీద అరచెయ్యి పెట్టి, కళ్లకద్దుకుని, అప్పుడు పని మొదలుపెడుతుంది. ఇరవై మూడేళ్లుగా అంతే.

ఇక సారవాక్ సంగతి. అదీ మా దేశమే. కానీ క్లాంగ్ నుంచి విమానం దిగినవాడికి అక్కడ ఇమ్మిగ్రేషను వాళ్లు ఇన్నాళ్లు ఉండొచ్చని చీటీ ఇచ్చి మరీ లోపలికి రానిస్తారు. కరెంటుకీ వాళ్ల చట్టం వేరు. ఇక్కడి సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా, అక్కడ కొత్త సబ్‌స్టేషన్‌కి కరెంటు ఇచ్చి బాధ్యత తీసుకోవాలంటే అక్కడి లైసెన్సు కావాలి. ఇదంతా యోగి చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇరవై మూడేళ్ల అనుభవం సముద్రం దాటితే సున్నా ఎలా అవుతుందని గట్టిగానే అడిగాను. సముద్రం దాటితే నీ బండ్ల షాపుకీ కొత్త లైసెన్సు కావాలి అన్నయ్యా, ఊరుకో అంది.

ఆవిడకి ఆ లైసెన్సు ఎందుకంటే, సారవాక్‌లో నది పక్క ఊళ్లో ఒక ఆసుపత్రికి కొత్త భవనం కడుతున్నారు. దాని సబ్‌స్టేషను మొదటి గీత నుంచి యోగి గీసింది. రెండేళ్ల పని. కిడ్నీ జబ్బు వాళ్లకి రక్తం శుభ్రం చేసే వార్డు అందులో వస్తుంది. ఇప్పుడు ఆ జనం వారానికి మూడుసార్లు పడవలో నాలుగు గంటలు వెళ్లి, మళ్లీ నాలుగు గంటలు తిరిగొస్తున్నారు. సైటు చూడ్డానికి వెళ్లినప్పుడు అలాంటి ముసలావిడ పక్కన కూర్చుని పడవెక్కిందట మా చెల్లెలు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. రెండోసారి ఎత్తలేదంటే మనసులో గట్టిగా పడిందని నాకు తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఆవిడ నోటితో చెప్పదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ గీసిన ప్రతి దానికీ కరెంటు ఇచ్చే రోజున కాగితం మీద మొదటి సంతకం వేరే ఎవరిదో. యోగిది కింద రెండో పేరు. కంపెనీ ఈసారి మొదటి పేరు ఇస్తామంది. ఆగస్టు నెలాఖరులోపు సారవాక్ లైసెన్సు తెస్తేనే. లేకపోతే అక్కడి ఇంజనీరునే ఒకాయన్ని పెట్టుకుంటారు, మా చెల్లెలు డ్రాయింగులు ఆయన చేతిలో పెట్టి ఇంటికొస్తుంది.

ఏప్రిల్‌లో పరీక్ష అన్నారు. అయ్య ఆ వారమంతా మామాక్, అంటే తమిళ సాయిబుల, టీ కొట్టులో కూర్చుని, మా గుంట సముద్రం దాటి లైసెన్సు తెస్తోందని వచ్చినవాడికల్లా చెప్పాడు. ఇనప సామాన్ల షాపు చైనా ఆయనకి అర్థం కావాలని మలయ్‌లో ఇంకోసారి చెప్పాడు. నేను వద్దన్నాను. తెచ్చాక చెబుదాం అయ్యా అన్నాను. నువ్వు పరీక్షలు రాసినట్టు కాదురా అది రాయడం అన్నాడు.

పరీక్షలో నోటితో అడిగే ప్రశ్నలు గంటన్నర. వాటన్నిటికీ చకచకా జవాబులు చెప్పేసింది. తర్వాత ఒక పెద్ద షెడ్డులోకి తీసుకెళ్లారు. మధ్యలో ఒక ప్యానెలు, పక్కన బల్ల మీద చేతి తొడుగులు, టెస్టరు, తాళాలు, ఎర్త్ తీగలు. పరీక్ష పెట్టేది అక్కడి ఇబాన్ తెగకి చెందిన ఒక పెద్దాయన, నెమ్మదైన మనిషి. ఈ ప్యానెలు ముట్టుకున్నవాడికి షాక్ కొట్టిందని కబురొచ్చింది, మీరు వచ్చారు, ఇక్కడ మీకంటే ముందు ఎవరూ లేరు, ఏం చేస్తారో చెయ్యండి అన్నాడు. మా చెల్లెలు ఫైలు బల్ల మీద పెట్టింది. నేరుగా ప్యానెలు దగ్గరికెళ్లింది. ఉత్త అరచెయ్యి తలుపు మీద ఆనించి కళ్లకద్దుకుంది.

పెద్దాయన చేతిలో ఉన్న పుస్తకం మూసేశాడు. కోప్పడలేదట. "మేడమ్, మీరిప్పుడు చనిపోయారు," అన్నాడట. అంతే, పరీక్ష అయిపోయింది.

ఆ శనివారం రైలు దిగి తిన్నగా షాపులోకి వచ్చి, విప్పిన ఇంజను పక్కన నేల మీద కూర్చుని ఇదంతా నాకు చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. పెద్ద తప్పు చేశాను. రెండు గంటలు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినా ఏడుపు గొంతే. మరి ఇన్నేళ్లూ నీకేం కాలేదెందుకని అడిగాను. ఆలోచించుకునే వచ్చినట్టుంది, వెంటనే చెప్పింది. సైటులో ఇంజనీరు ఎప్పుడూ చివర వస్తాడు. టెక్నీషియన్లు ముందే కరెంటు ఆపి, తాళం వేసి, చూసి, సరే అన్నాకే ఆవిణ్ణి పిలుస్తారు. ఆవిడ చెయ్యి ఎప్పుడూ ఎవరో ముందుగా చూసిపెట్టిన ప్యానెలు మీదే పడింది. తన ముందు ఎవరూ లేని ప్యానెలు అదే మొదటిది.

మళ్లీ ఎప్పుడంటే జూలై చివర అంది. అప్పుడు కూడా తప్పితే ఆగస్టులోపు ఇంకో అవకాశం లేదు.

"అన్నా, అయ్యకి సెప్పకు," అంది చివర్లో. "ఆయన నేర్పిందాని వల్ల తప్పినానని తెలిస్తే తట్టుకోలేడు. సెప్పినావంటే నీ షాపుకి కరెంటు పీకేస్తాను."

అయ్యకి మాత్రం పరీక్షలో ఒక భాగమే అయిందని, రెండోది జూలైలో అని చెప్పింది. అబద్ధం చెప్పడం చేతకాదు దానికి, చెబుతున్నంతసేపూ చీర కొంగు మెలిపెడుతూనే ఉంది. అయ్య నమ్మాడు. ఇంత పెద్ద లైసెన్సుకి రెండు భాగాలు ఉండాల్సిందే అన్నాడు.

ఆ తర్వాత ఆరు వారాలు మా చెల్లెలు తన చేతితో పోట్లాడింది. క్లాంగ్ ఆఫీసులో పాత ప్యానెలు ఒకటి ముందు పెట్టుకుని రోజూ అభ్యాసం చేసేది. పది సార్లు సరిగ్గా చేసేది, పదకొండోసారి ఏదో ఆలోచిస్తూ ఉండగా చెయ్యి వెళ్లిపోయేది. మణికట్టుకి ఎర్రదారం కట్టుకుంది. లాభం లేకపోయింది. వేలికి బ్యాండేజీ చుట్టుకుంది. బ్యాండేజీతోనే అద్దుకుంది. ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి చెయ్యి ముందుకీ వెనక్కీ చేస్తోందని, ఏమైనా జబ్బా అని శరవణ్ నాకు ఫోను చేసి నెమ్మదిగా అడిగాడు. అది జబ్బు కాదు బావా, మా వంశం అని చెప్పాను. నవ్వుతూ చెప్పాను గానీ నాకూ భయం పట్టుకుంది. చదువంటే యోగికి అన్నం తిన్నంత సులువు, ఈ చెయ్యి ఒక్కటే మాట వినకుండా పోయింది.

జూన్ మొదటి శనివారం నేను నోరు జారాను. యోగి వచ్చి షాపులో నా పక్కన నిలబడి ఉంది. ఎవరిదో బండి లోపలికి తోశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ దాని సీటు మీద చెయ్యి పెట్టి కళ్లకద్దుకుంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ చేత్తోనే కదా పరీక్ష తప్పింది, ఇంకా బుద్ధి రాలేదా అని అరిచేశాను. వెనక తలుపు దగ్గర పేము కుర్చీలో అయ్య ఉన్నాడన్న సంగతి అరిచాక గుర్తొచ్చింది.

ఏ సెయ్యి అని మాత్రం అడిగాడు. యోగి దాచకుండా చెప్పేసింది. ఇబాన్ పెద్దాయన అన్న మాట కూడా చెప్పింది. అయ్య తన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. లేచి లోపలికెళ్లాడు. సీత వడ్డించింది తిన్నాడు, పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తేడా సీతే ముందు కనిపెట్టింది. అయ్యకి పాత సైకిలు ఒకటుంది. దాని మీద టీ కొట్టుకి వెళ్లేముందు హ్యాండిల్ ముట్టుకుని కళ్లకద్దుకోనిదే ఎక్కడు. ఆ రోజు ఎక్కేశాడు. కళ్లజోడు తీసి పెట్టుకునేటప్పుడు అద్దుకోలేదు. పింఛను కాగితం వస్తే అద్దుకోలేదు. మూడో రోజుకి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఆ నడక చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ముప్ఫై ఆరేళ్లు ఆ చేతులు మాకు తిండి పెట్టాయి. ఒక్క మాటతో నేను వాటిని దొంగ చేతుల్ని చేశాను. ఏమయ్యా అలా ఉన్నావని అడిగితే, ఏం లేదురా అనేవాడు.

పది రోజులు అలా గడిచాక ఒక పొద్దున్న టీ తాగి వచ్చి, నువ్వెల్లి పాత ప్యానెలు ఒకటి పట్రా అన్నాడు. ఏం ప్యానెలు అయ్యా అన్నాను. దాని పరీక్షలో ఉండేలాంటిదే అన్నాడు. ఇపో టౌను దారిలో, మూతపడిన చేతి తొడుగుల ఫ్యాక్టరీ పాత సామాను కొన్న ఒకాయన దగ్గర దొరికింది. మనిషంత ఎత్తు, తలుపు సొట్టపడింది. లారీలో తెచ్చి నా షాపు మూలన నిలబెట్టాం. రెండు బండ్లు పట్టే చోటు పోయింది. నేను సణుగుతుంటే సీత చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

శనివారం యోగి రైలు దిగేసరికి ప్యానెలు ముందు నేల మీద సుద్దతో గీత గీసి ఉంది. గీత పక్కన పేము కుర్చీలో అయ్య. చేతిలో సీత దుప్పట్లు దులిపే బెత్తం.

"నేర్పింది నేను," అన్నాడు అయ్య. "మానిపించేదీ నేనే. రా, నిలబడు."

నలభై ఎనిమిదేళ్ల ఇంజనీరు వచ్చి ఎనభై ఒక్కేళ్ల ఇంజన్ డ్రైవరు ముందు నిలబడింది. చెయ్యి ముందుగా లేచిందంటే మణికట్టు మీద బెత్తంతో ఒక దెబ్బ. గట్టి దెబ్బ కాదు, ఈగని తోలినట్టు. మొదటి శనివారం పదకొండు పడ్డాయి. షాపుకి వచ్చినవాళ్లు బండి సంగతి మర్చిపోయి అక్కడే నిలబడేవారు. ఒక మలయ్ మాస్టారు అడగలేక అడగలేక, ఆ అమ్మగారు ఏం తప్పు చేశారని అడిగాడు. ముందు దండం పెట్టేస్తోందని చెప్పాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ తల ఊపి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ అయ్య ఒక మాట చెప్పాడు. మా ఇద్దరికీ అది అప్పటిదాకా తెలియదు. ఇంజనుకి చెయ్యి ఆనించడం ఆయన ఊరికే మొదలుపెట్టింది కాదట. పాత ఇంజన్ డ్రైవరు ఒకాయన నేర్పాడట. రాత్రి ఎవరైనా నడిపి సరిగ్గా ఆపకపోతే బేరింగు వేడిగా ఉంటుంది, లోపల ఏదైనా వదులైతే సన్నగా వణుకుతుంది, చెయ్యి పెడితే తెలిసిపోతుంది. రోజూ మర్చిపోకుండా చూడాలని దానికి దండం కలిపారు.

"ఇంజను వేడి సేతికి తెలస్తది గుంటా," అన్నాడు. "కరెంటు సేతికి తెలీదు. తెలిసేసరికి సెయ్యుండదు. దండం తప్పు కాదు. ముందు పెట్టడం తప్పు. నాను నీకు ఇంజను సంగతి సెప్పకుండా దండం ఒక్కటే నేర్పినాను. అది నా తప్పు."

యోగి టీ గ్లాసు కింద పెట్టి మొహం అటు తిప్పుకుంది. నేను స్పానరు వెతుక్కునే పని పెట్టుకున్నాను. స్పానరు నా చేతిలోనే ఉంది.

అప్పుడు అడిగాడు, ప్యానెలు ముట్టుకునే ముందు చెయ్యాల్సిన పనులు ఎన్ని అని. యోగి చెప్పింది. కరెంటు ఆపడం, తాళం వేయడం, టెస్టరు పనిచేస్తోందో లేదో చూడటం, దాంతో ప్యానెలు చూడటం, ఎర్త్ తీగ తగిలించడం. టెస్టరుని మధ్యలో మళ్లీ చూడాలి, ఇంకా చిన్నవి చాలా ఉన్నాయి అయ్యా అంది. పెద్దవి ఐదే కదా అన్నాడు. చదువు రాని మనిషి, రాసుకోలేడు. దాని కుడి చెయ్యి పట్టుకుని చిటికెన వేలు మడిచాడు. ఇది ఆపడం. ఉంగరం వేలు, తాళం. నడిమి వేలు, టెస్టరు. చూపుడు వేలు, ప్యానెలు. బొటన వేలు, ఎర్త్. ఐదూ మడిచి పిడికిలి అయిందా, అప్పుడు తెరువు, అప్పుడు పెట్టుకో దండం, నిన్నెవడు కాదంటాడో నేను చూస్తాను అన్నాడు.

ఆ చేతికి ఒక పని దొరికింది. రెండో శనివారం దెబ్బలు ఆరుకి దిగాయి, మూడోసారి రెండుకి. నాలుగోసారి ఒక్కటీ పడలేదు. అయ్యకి నమ్మకం చాలక కొత్త ఎత్తులు వేశాడు. మధ్యలో టీ ఇచ్చేవాడు, తాగుతుండగా కానీ అనేవాడు. శరవణ్ ఎలా ఉన్నాడని అడిగేవాడు. ఒకసారి నా చేత కావాలని బండి సైలెన్సరు విప్పేసి స్టార్టు చేయించాడు. ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను. యోగి చిటికెన వేలు మడిచి నిలబడింది. ఆ మొహంలో పట్టుదల చూస్తే, ఏడేళ్లప్పుడు టీ క్యారియరు రెండు చేతులా పట్టుకుని ఒక్క చుక్క ఒలక్కుండా ఇంజను గదికి నడిచిన పిల్లే కనబడింది నాకు. నా చెల్లెలంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజు తెలిసింది. దానికి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతుంది.

ఇన్ని వారాలూ అయ్య మాత్రం దేన్నీ కళ్లకద్దుకోలేదు. పాఠం అయిపోగానే బెత్తం గోడకి ఆనించి చేతులు వెనక్కి కట్టుకునేవాడు. ఇంక చాలు అయ్యా, నువ్వు మామూలుగా ఉండు అని యోగి బతిమాలింది. ముందు నీ పని కానీ అన్నాడు.

జూలై ఆఖరి మంగళవారం మళ్లీ పరీక్ష. నేను ఆ రోజు షాపు తెరిచాను గానీ ఒక్క బండీ సరిగ్గా బిగించలేదు. ఒకాయన బ్రేకు మూడుసార్లు విప్పాను. అయ్య పొద్దుటి నుంచి ప్యానెలు ముందు కుర్చీలో కూర్చున్నాడు, టీ కొట్టుకి కూడా వెళ్లలేదు. సీత రెండుసార్లు అన్నానికి పిలిచింది. రెండుసార్లూ ఇద్దరం వస్తున్నాం అన్నాం, వెళ్లలేదు.

రెండున్నరకి ఫోను మోగింది. అయ్యకి వినబడేలా స్పీకరు పెట్టాను.

"సెయ్యి మాట విన్నాది అన్నా," అంది యోగి.

తర్వాత వివరంగా చెప్పింది. అదే షెడ్డు, అదే పెద్దాయన. ప్యానెలు దగ్గరికి అడుగు వేయగానే చెయ్యి లేవబోయిందట. మణికట్టు మీద బెత్తం తగిలినట్టే అయిందట. చిటికెన వేలు మడిచింది. తర్వాత ఒక్కొక్క పనికీ ఒక్కొక్క వేలు. వేళ్లతో పని చేస్తూ వేళ్లు ఎలా మడిచావే అని అడిగాను. చేసి మడిచి, మడిచింది విప్పి మళ్లీ చేశాను, మధ్యలో నీ ప్రశ్నలేంటి అంది. ఎర్త్ తగిలించాక పిడికిలి తెరిచి, ప్యానెలు మీద అరచెయ్యి పెట్టి కళ్లకద్దుకుందట. పెద్దాయన ఈసారి పుస్తకం మూయలేదు. ఆ వేళ్లు ఎవరు నేర్పారని అడిగాడట. మా అయ్య, ఇంజన్ డ్రైవరు అని చెప్పిందట. ఆయన ఏదో రాసుకుని, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి అన్నాడట.

నేను ఎగిరి గంతేశాను. సీత లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. అయ్య, సరే, అన్నం పెట్టమ్మా అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి నడిచాడు. పరీక్ష అయిపోయినా ఆయన చేతులు ఇంకా ముందుకి రాలేదని నాకు మనసులో ముల్లులా గుచ్చుకుంది.

లైసెన్సు కార్డు ఆగస్టు మూడో వారంలో వచ్చింది. కంపెనీ ఆ రోజే ఆసుపత్రి కాగితాల మీద మొదటి పేరు యోగిది వేసింది. బుధవారం సారవాక్ వెళ్లాలి, మూడు నెలల పని. ఆదివారం శరవణ్‌తో కలిసి రైల్లో వచ్చింది. బ్యాగులో నుంచి కార్డు తీసి, అయ్య ముందు టీ బల్ల మీద పెట్టింది. నా వేలంత మందం కూడా లేదు. దాని మీద మా చెల్లెలి ఫొటో, పేరు.

అయ్య కుర్చీలో ముందుకి వంగి చూశాడు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. మేం నలుగురం చుట్టూ నిలబడి ఉన్నాం. ఆయన తల ఎత్తి యోగి మొహంలోకి చూశాడు.

"అన్నీ సూసినావా అమ్మీ?" అన్నాడు. "ముట్టుకోవచ్చా?"

యోగి కిందికి కూర్చుంది. అయ్య కుడి చెయ్యి వెనక నుంచి ముందుకి తెచ్చి, చిటికెన వేలితో మొదలుపెట్టి ఐదు వేళ్లూ ఒక్కొక్కటే మడిచింది. పిడికిలి అయ్యాక మళ్లీ తనే తెరిచింది.

"ఎర్త్ అయిపోనాది అయ్యా," అంది. "ముట్టుకో."

అయ్య కార్డు తీసుకుని కుడి కంటికి అద్దుకున్నాడు, ఎడమ కంటికి అద్దుకున్నాడు. చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, కళ్లజోడు ఇలా ఇమ్మన్నాడు. అందిస్తే దాన్నీ అద్దుకుని పెట్టుకున్నాడు. కార్డు మీది ఫొటో దగ్గరగా చూసి, నవ్వలేదేమని మా చెల్లెల్ని కోప్పడ్డాడు.